జేబులో ఒక చాకు

ఆ మధ్య ఒక స్నేహితుడి పాప పుట్టినరోజుకి వెళ్ళాం. కేకు కోయడం, ఫొటోలు, బిర్యానీ అన్నీ అయ్యాక కానుకలు విప్పే కార్యక్రమం మొదలైంది. అందులో ఒక బొమ్మ పియానో ఉంది. అట్టపెట్టె చుట్టూ టేపు. టేపు కోస్తే లోపల బొమ్మని పెట్టెకి కట్టేసిన ప్లాస్టిక్ తాళ్ళు. అవి తెంపితే బ్యాటరీల మూతకి ఒక బుల్లి స్క్రూ. ఆ హాల్లో పదకొండు మంది ఇంజనీర్లం ఉన్నాం, నేను లెక్కపెట్టాను. ఒకాయన కారు తాళంచెవితో టేపు చీల్చబోయాడు. ఇంకొకాయన పళ్ళకి పని చెప్పాడు. ఇంటావిడ వంటింట్లోంచి ఉల్లిపాయలు తరిగే పెద్ద కత్తి పట్టుకొచ్చేసరికి పాప బెదిరి ఏడుపు లంకించుకుంది. స్క్రూడ్రైవర్ గరాజులో ఎక్కడో ఉండాలన్నారు.

నేను నా తాళంచెవుల గుత్తి తీసి, దానికి వేలాడుతున్న చిటికెనవేలంత చాకుతో మూడు పనులూ పూర్తి చేశాను. భోజనాల దగ్గర నలుగురైదుగురు నా చుట్టూ చేరి, "అదేం చాకు? మేం కొనుక్కుంటే ఏది కొనుక్కోవాలి?" అని అడిగారు. ఒకావిడ మాత్రం, "పిల్లలున్న ఇంట్లో జేబులో కత్తి పెట్టుకు తిరగడం ఏమిటండీ అన్నయ్యగారూ!" అని మెత్తగా మందలించారు.

రెండూ న్యాయమైన మాటలే. మొదటి ప్రశ్నకి జవాబు నాలుగు పుస్తకాలూ, నలభై చాకులూ చూస్తే తెలుస్తుంది. రెండోదాని జవాబు నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. రెండూ కలిపి చెబితేనే ఎవరికైనా ఉపయోగమని ఈ వ్యాసం రాస్తున్నాను.

నాన్నగారి చాకు

మా నాన్నగారు ఎలక్ట్రిసిటీ బోర్డులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసేవారు. చొక్కా జేబులో కళ్ళజోడు, పంట్లాం జేబులో మడత చాకు ఎప్పుడూ ఉండేవి. కొయ్య పిడి, మూడంగుళాల ఇనప బ్లేడు. వైరు మీద తొడుగు ఒలవడం, మా పెన్సిళ్ళు చెక్కడం, వేసవిలో పచ్చి మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూ కారం అద్ది ఇవ్వడం, అన్నీ దానితోనే. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకముందే ఆ చాకు తీసి మాకు అందనంత ఎత్తులో ఉన్న గోడగూట్లో పెట్టేవారు. అది ఆయన అలవాటు అనుకున్నానే గాని, అది ఆ పనిముట్టులో భాగం అని నాకప్పుడు తట్టలేదు.

కాకినాడలో ఇంజనీరింగ్ పూర్తిచేసి 2001 జనవరిలో అమెరికా బయల్దేరినప్పుడు ఆవకాయ సీసాల పక్కన పెట్టెలో ఆ చాకు పెట్టారు. "అక్కడ ప్రతి చిన్న పనికీ మనిషి దొరకడట, ఉంచుకో" అన్నారు.

కన్సల్టింగ్ ఉద్యోగం. సోమవారం పొద్దున్నే విమానం ఎక్కడం, గురువారం రాత్రి తిరిగి రావడం. 2004లో ఒక సోమవారం, సెక్యూరిటీ దగ్గర నా లాప్‌టాప్ సంచీ రెండోసారి యంత్రంలోకి వెళ్ళింది. అడుగు అరలో నాన్నగారి చాకు. ఆదివారం ఏదో పెట్టె విప్పి అందులో పడేశాను. వెనక్కి వెళ్ళి కారులో పెట్టి రావచ్చు, లేదా ఇక్కడ వదిలెయ్యచ్చు అన్నారు ఆ ఉద్యోగి, మర్యాదగానే. విమానానికి ఇరవై నిమిషాలుంది. డబ్బాలో పడేశాను. ఏడాది పాటు నాన్నగారికి చెప్పలేదు. చెప్పినప్పుడు ఆయన ఫోనులో ఒక్క క్షణం ఆగి, "చాకు పోతే ఇంకోటి వస్తుందిలేరా. ముందు జేబులు తడుముకోవడం నేర్చుకో" అన్నారు.

ముందు పని, తరవాత పనిముట్టు

సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాము రాసే ముందు అవసరాలేమిటో రాసుకోమంటారు. చాకు కొనేటప్పుడు మనం సరిగ్గా ఇదే మర్చిపోతాం. దుకాణంలో అద్దాల వెనక నల్లగా నిగనిగలాడుతున్నది చూసి, అడవిలో తప్పిపోతే పనికొస్తుందని కొంటాం. అడవిలో తప్పిపోము. అట్టపెట్టెల మధ్య తప్పిపోతాం.

నేను ఒక నెలరోజులు చిన్న కాగితం జేబులో పెట్టుకుని, చాకు కావలసి వచ్చినప్పుడల్లా ఎందుకో రాసుకున్నాను. సగానికి పైగా అట్టపెట్టెలూ ఉత్తరాల కవర్లే. తరవాత కత్తెరతో అయ్యే పనులు: చొక్కా దారం, కొత్త బట్టల చీటీ, మసాలా పొట్లం, పిల్లవాడి మోకాలికి అంటించే పట్టీ. తరవాత స్క్రూలు: బొమ్మలు, కళ్ళజోడు, స్విచ్ బోర్డు మూత. ఆ తరవాత పార్కులో పళ్ళు కోయడం. నెల మొత్తం మీద రెండంగుళాలకి మించిన బ్లేడు కావలసి వచ్చింది ఒక్కసారే, అదీ పుచ్చకాయకి.

మీరూ ఒక వారం రాసి చూడండి. ఆ కాగితమే మీకు ఏది కొనాలో చెబుతుంది.

సైనికుడి తుపాకీ, యాత్రికుడి కారు

మనం ఇప్పుడు వాడే రెండు ప్రసిద్ధమైన పనిముట్లూ ఇలాంటి అవసరాల చిట్టా నుంచే పుట్టాయి.

స్విట్జర్లాండ్ సైన్యం 1889లో కొత్త తుపాకీ ప్రవేశపెట్టింది. దాన్ని విప్పాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. సైనికుల తిండి డబ్బాల్లో వచ్చేది, డబ్బా విప్పే సాధనం కావాలి. రొట్టె కోయడానికి చాకు కావాలి. ఈ మూడూ ఒకే పిడిలో ఇమిడేట్టు ఒక నమూనా ఖాయం చేశారు. అన్ని చాకులు తయారుచేయగల కర్మాగారం దేశంలో అప్పట్లో లేక మొదటి విడత జర్మనీలోని జోలింగెన్ నుంచి తెప్పించుకున్నారు. ఇబాక్ అనే ఊళ్ళో 1884లో చాకుల పని మొదలుపెట్టిన కార్ల్ ఎల్సెనర్, ఆ పని మన దేశంలోనే జరగాలని పట్టుబట్టి 1891లో సైన్యానికి చాకులు అందించడం మొదలుపెట్టాడు. 1897లో ఆయన నమోదు చేయించిన అధికారుల చాకులో అసలు తెలివి ఏమిటంటే, ఒకే స్ప్రింగు రెండు వైపుల పనిముట్లనీ పట్టి ఉంచుతుంది. అందువల్ల బరువు పెరగకుండా పనిముట్లు పెరిగాయి. తల్లి పేరు విక్టోరియా. తుప్పు పట్టని ఉక్కుకి ఫ్రెంచివారి మాట ఇనాక్స్. రెండూ కలిపితే విక్టోరినాక్స్. 'స్విస్ ఆర్మీ నైఫ్' అన్న పేరు మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఆ జర్మన్ పేరు నోరు తిరగని అమెరికన్ సైనికులు పెట్టింది.

2001 సెప్టెంబరు తరవాత విమానాల్లో చాకులు నిషేధించడంతో ఈ కంపెనీ అమ్మకాలు బాగా పడిపోయాయి. అప్పుడు వాళ్ళు ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యకుండా, కొందరిని ఇతర కంపెనీలకి అప్పుగా పంపి నడుపుకొచ్చారు. అదే రోజుల్లో బెంచి మీద కూర్చుని, ఈమెయిలు వస్తే గుండె దడదడలాడిన నాబోటివాళ్ళకి ఈ సంగతి మరిచిపోయేది కాదు.

రెండోది లెదర్‌మన్. టిమ్ లెదర్‌మన్ ఆరెగన్ రాష్ట్రానికి చెందిన మెకానికల్ ఇంజనీరు. 1975లో భార్యతో కలిసి ఒక పాత ఫియట్ కారులో యూరప్ తిరిగాడు. కారు మాటిమాటికీ మొరాయించేది, చవక హోటళ్ళలో కుళాయిలు కారేవి. జేబులో చాకు ఉంది గాని నట్టు పట్టుకోవడానికి ప్లయర్స్ లేవు. మన ఊళ్ళో ఎలక్ట్రీషియన్లు కటింగ్ ప్లేయర్ అంటారే, అదన్నమాట. చాకులోనే అదీ ఇమడ్చాలని ఇంటికొచ్చి పని మొదలుపెడితే నమూనా తయారయ్యేసరికి మూడేళ్ళు పట్టింది. 1980లో పేటెంటు వచ్చింది. కంపెనీలు వద్దన్నాయి. చివరికి 1983లో ఒక కేటలాగ్ సంస్థ 500 కావాలని ఆర్డరు ఇవ్వడంతో కథ మలుపు తిరిగింది.

లాక్ ఉండాలా, అక్కర్లేదా?

మడత చాకులు రెండు రకాలు. మొదటి రకంలో వీపు వైపున్న స్ప్రింగు మాత్రమే బ్లేడుని తెరిచి ఉంచుతుంది. స్విస్ చాకుల్లో చాలా మటుకు ఇవే. పదునున్న వైపు నొక్కి కోస్తున్నంత సేపూ ఇబ్బంది లేదు. కానీ మొనతో పొడిచినా, వీపు మీద బలం పడినా బ్లేడు వేళ్ళ మీదకి ముడుచుకుంటుంది. రెండో రకంలో బ్లేడు తెరుచుకోగానే ఒక లాక్ పడుతుంది. దాన్ని విడిపించేదాకా ముడుచుకోదు. 1964లో బక్ కంపెనీ తెచ్చిన 110 అనే మోడల్‌తో ఇలాంటివి బాగా వ్యాప్తిలోకి వచ్చాయి. ఫ్రాన్సులో 1890 నుంచి తయారవుతున్న ఓపినెల్ చాకుకి మెడ దగ్గర తిప్పే ఉంగరం ఉంటుంది. 1955లో చేర్చిన ఆ ఉంగరమే దాని లాక్.

తోటపనీ, వడ్రంగం, క్యాంపింగూ చేసేవాళ్ళకి లాక్ ఉన్నది మంచిది. పెట్టెలు విప్పి, పళ్ళు కోసుకునేవాళ్ళకి అక్కర్లేదు. పైగా లాక్ లేని చిన్న చాకు చట్టాల దగ్గర తక్కువ తలనొప్పి. ఆ సంగతి ముందుకి వస్తుంది.

ఉక్కు సంగతి

దుకాణాల్లో 420హెచ్‌సి, విజి-10, ఎస్30వి అంటూ ఉక్కు పేర్లు చదివి బెంబేలు పడనక్కర్లేదు. తెలుసుకోవలసింది ఇంతే. ఇనుములో కర్బనం పెరిగితే, సరిగ్గా కాల్చి చల్లారిస్తే, ఉక్కు గట్టిపడుతుంది, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. గట్టిదనం మరీ పెరిగితే పెళుసవుతుంది. క్రోమియం సుమారు 10.5 శాతం దాటితే తుప్పు తేలిగ్గా పట్టదు. మన ఇనప కత్తిపీట మీద మామిడికాయ తరిగితే నల్లబడేది గుర్తుందా? అది క్రోమియం లేని ఉక్కు. తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు.

గట్టిదనాన్ని రాక్‌వెల్ అంకెల్లో చెబుతారు. స్విస్ చాకులు దాదాపు 56 దగ్గర ఉంటాయి, ఖరీదైన ఉక్కులు 60 ప్రాంతంలో ఉంటాయి. ఎక్కువ అంకె ఉన్నదే మంచిదనుకోవడం పొరపాటు. 60 ఉన్నది మొద్దుబారడానికి ఎక్కువ కాలం పడుతుంది గాని, మొద్దుబారాక ఇంట్లో నూరుకోవడం కష్టం. 56 ఉన్నది తొందరగా మొద్దుబారుతుంది, అయిదు నిమిషాల్లో మళ్ళీ పదునెక్కుతుంది. మనలాంటివాళ్ళకి రెండోదే నయం.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక్క మాట. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. అలాంటి ఉక్కుని ఇంగ్లీషులో 'వూట్జ్' అంటారు. ఆ మాట మన 'ఉక్కు' నుంచే వచ్చిందంటారు. దసరాకి మా పిల్లలు లాప్‌టాప్‌కి బొట్టు పెడుతూంటే పక్కన చాకునీ పెట్టి ఈ కథ చెబుతూ ఉంటాను.

మరి ఏది కొనాలి?

తాళంచెవుల గుత్తికి: విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డి. ముడిస్తే 58 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాములు. చిన్న బ్లేడు, కత్తెర, గోళ్ళు రాసుకునే ఆకురాయి, ఒక పుల్ల, ఒక బుల్లి పట్టకారు. ఆ ఆకురాయి కొస చదునుగా ఉండి చిన్న స్టార్ స్క్రూలని కూడా తిప్పుతుంది. ధర 25 డాలర్లు అటూ ఇటూ. ఒక్కటే కొంటానంటే ఇది కొనండి. ఇందులో బ్లేడు కంటే కత్తెరే మీరు ఎక్కువ వాడతారు.

జేబుకి: అదే కంపెనీ టింకర్, 91 మిల్లీమీటర్లు. దాని అన్నగారు స్పార్టన్‌కీ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటే. స్పార్టన్‌కి వైన్ సీసా బిరడా తీసే మర ఉంటుంది, టింకర్‌కి ఆ స్థానంలో స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని ఫిలిప్స్ అంటారు. మీ ఇంట్లో బిరడాలు ఎక్కువో స్క్రూలు ఎక్కువో మీరే తేల్చుకోండి. పార్కుకి పళ్ళూ రొట్టెలూ తీసుకెళ్ళే కుటుంబానికి ఓపినెల్ 8వ నంబరు హాయిగా ఉంటుంది. తుప్పు పట్టని ఉక్కుతో చేసినది అడిగి తీసుకోండి.

కారుకి, గరాజుకి: లెదర్‌మన్ వేవ్ లాంటి పూర్తి మల్టీటూల్. 1998లో వచ్చిన ఈ మోడల్‌లో ప్లయర్స్ తెరవకుండానే బయటి నుంచి బ్లేడు తీయవచ్చు. కానీ బరువు దాదాపు 240 గ్రాములు. జేబులో పెట్టుకుంటే పంట్లాం ఒకవైపు జారుతుంది, మూడో రోజుకి ఇంట్లో వదిలేస్తారు. ఇంట్లో ఉన్న పెద్ద పనిముట్టు కంటే దగ్గరున్న చిన్నదే పని చేస్తుంది. అందుకని దాని స్థానం కారు డిక్కీలో పనిముట్ల సంచీ.

వద్దనవలసినవి: ఆఫీసుల్లో కానుకగా ఇచ్చే 'పదహారు పనిముట్లు ఒక్కదాంట్లో' రకం. మెత్తటి ఇనుము, రెండో స్క్రూకే కొస అరిగిపోతుంది. అలాగే విదిలిస్తే టపుక్కున తెరుచుకునే నల్లటి, రంపం పళ్ళ కత్తులు. అవి పని చెయ్యవని కాదు. ఎర్ర పిడి స్విస్ చాకు తీసి పెట్టె కోస్తే చూసేవాళ్ళకి పనిముట్టు కనిపిస్తుంది, నల్ల కత్తి విదిలిస్తే ఆయుధం కనిపిస్తుంది. మన ఒంటి రంగుతో, మన యాసతో, ఆ తేడా మనకి ఇంకొంచెం ఎక్కువ.

పదును, జాగ్రత్త

మొద్దు కత్తే ప్రమాదం. తెగక బలం ఎక్కువ పెడతాం, జారి చేతిలో దిగుతుంది. మన వీధుల్లో సైకిలు తొక్కుతూ సాన పట్టేవాళ్ళు ఇక్కడ రారు కాబట్టి మనమే నేర్చుకోవాలి. ఒక సానరాయి కొనండి, ఒకవైపు గరుకు, ఒకవైపు నున్నన. బ్లేడుని రాయి మీద నిలువుగా పెడితే 90 డిగ్రీలు. అందులో సగానికి వంచితే 45, అందులో సగానికి వంచితే 22. ఇంకొక్క పిసరు వంచి అదే కోణంలో నూరండి. కాసేపటికి అవతలి వైపు గోటికి తగిలీ తగలని గరుకు వస్తుంది. అది వచ్చిందంటే అంచు దాకా అరిగిందని అర్థం. అప్పుడు రెండోవైపు నూరి, చివర నున్నటి వైపు మెల్లగా నాలుగుసార్లు లాగి ఆ గరుకు తీసెయ్యండి. ప్రయాణంలో రాయి లేకపోతే పింగాణీ కాఫీ కప్పు అడుగున మెరుపు లేని చుట్టు ఉంటుంది చూడండి, దాని మీద రుద్దినా కొంత పదునెక్కుతుంది.

మా అమ్మమ్మ కత్తి చేతికి ఇచ్చేది కాదు. కింద పెడితే మనం తీసుకోవాలి. చేతికిస్తే తగువులొస్తాయనేది. ఇక్కడ స్కౌట్లలో, చాకు అందుకున్నవాడు గట్టిగా పట్టుకున్నాక "థాంక్యూ" అంటేనే ఇచ్చినవాడు వదలాలని నేర్పుతారు. రెండు పద్ధతుల ఉద్దేశమూ ఒకటే. ఒక కత్తి మీద ఒకే సమయంలో రెండు చేతులు ఉండకూడదు.

చట్టం, గుమ్మాలు

నేను లాయర్ని కాదు, కాబట్టి మీ ఊరి నిబంధనలు మీరే చదువుకోండి. స్థూలంగా ఇంత.

అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. మా టెక్సస్‌లో 2017 నుంచి అయిదున్నర అంగుళాల లోపు చాకులకి పెద్దగా ఆంక్షలు లేవు. న్యూయార్క్ నగరంలో నాలుగంగుళాలు, అంతకి మించిన బ్లేడు బహిరంగ స్థలాల్లో దగ్గర పెట్టుకోకూడదు. చాకు జేబు బయటికి కనిపించేట్టు తగిలించుకోవడం కూడా అక్కడ తప్పే. ఫెడరల్ భవనాల చట్టంలో రెండున్నర అంగుళాల కంటే చిన్న జేబు చాకుకి మినహాయింపు ఉంది గాని, గుమ్మం దగ్గర తనిఖీ చేసేవాళ్ళు లోపలికి రానివ్వకపోవచ్చు. వేలిముద్రలకో, పౌరసత్వం ప్రమాణానికో వెళ్ళే రోజు తాళంచెవుల గుత్తి ఖాళీ చేసుకుని వెళ్ళండి. ఆ పౌరసత్వం దరఖాస్తులోనే "మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా" అని ఒక ప్రశ్న ఉంటుంది. పాతిక డాలర్ల చాకు వల్ల ఆ గడిలో 'అవును' అని రాసుకునే అవస్థ ఎవరికీ వద్దు.

విమానాలు: 2001 సెప్టెంబరు ముందు అమెరికాలో నాలుగంగుళాల లోపు చాకులు చేతి సంచీలో తీసుకెళ్ళనిచ్చేవారు. ఆ తరవాత అన్నీ నిషేధం. 2013 మార్చిలో చిన్న చాకులని అనుమతిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది అభ్యంతరం చెప్పడంతో జూన్‌లో విరమించుకున్నారు. బ్లేడు లేని, ఏడంగుళాల లోపు మల్టీటూల్ అమెరికాలో చేతి సంచీలో చెల్లుతుంది. ఇండియా ప్రయాణంలో ఇంకో రెండు దేశాల తనిఖీలు కూడా ఉంటాయి కాబట్టి ఏదైనా సరే పెద్ద పెట్టెలోనే పెట్టండి.

బ్రిటన్‌లో ఉన్న బంధువులకి పంపే ముందు: అక్కడ సరైన కారణం లేకుండా వెంట ఉంచుకోగలిగేది, మూడంగుళాల లోపు బ్లేడుతో, లాక్ లేని మడత చాకు మాత్రమే. లెదర్‌మన్ వేవ్‌లో బ్లేడుకి లాక్ పడుతుంది కాబట్టి అది ఆ లెక్కలోకి రాదు.

ఇక బడి. బడిలోకి ఏ చాకూ వద్దు, ఎంత చిన్నదైనా వద్దు. 2009లో డెలవేర్ రాష్ట్రంలో ఆరేళ్ళ కుర్రాడు ఒకడు, చెంచా, ఫోర్కు, చాకు కలిసిన క్యాంపింగ్ పనిముట్టుతో మధ్యాహ్నం అన్నం తిందామని బడికి తీసుకెళ్ళాడు. 45 రోజులు వేరే బడికి పంపిస్తామన్నారు. దేశమంతా గోల అయ్యాక, చిన్న తరగతుల వాళ్ళకి శిక్ష తగ్గేట్టు నిబంధన మార్చారు. అది చదివి, పాపం ఆ తలిదండ్రులు కాస్త చూసుకోవద్దూ అనుకున్నాను.

మా ఇంట్లో జరిగింది

2016లో మా అబ్బాయికి పదేళ్ళు. కబ్ స్కౌట్స్‌లో చాకు వాడకం నేర్చుకుని, పరీక్షలో నెగ్గి, దానికిచ్చే కార్డు తెచ్చుకున్నాడు. నేను మురిసిపోయి ఒక చిన్న స్విస్ చాకు కొనిచ్చాను. మా ఆవిడ, "మీకు మీ నాన్నగారి చాకు బెంగ తీరలేదు, ఇప్పుడు వాడికి అంటించండి" అంది. శనివారం క్యాంపింగ్‌కి వెళ్ళాం. వాడి క్యాంపింగ్ సంచీ జిప్పు ఊడిపోతే, బడి సంచీలో పుస్తకాలు తీసేసి బట్టలు సర్దాను. ఆదివారం రాత్రి అలిసిపోయి, బట్టలు తీసేసి పుస్తకాలు తిరిగి పెట్టాను. పక్క జేబు తడమలేదు.

సోమవారం పది గంటలకి బడి నుంచి ఫోను. వాడు పెన్సిలు కోసం వెతుక్కుంటూంటే చాకు చేతికి తగిలింది. వాడే తీసుకెళ్ళి టీచరుకి ఇచ్చి, పొరపాటున వచ్చిందని చెప్పాడు. ప్రిన్సిపాల్ ఆవిడ మంచి మనిషి. "పిల్లవాడు చేసింది సరైన పని. కానీ నిబంధనలో నాకు వెసులుబాటు లేదు" అంది. ఒక రోజు తరగతికి పంపకుండా ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ఫైలులో ఒక కాగితం చేరింది. ఆ సంవత్సరం మా గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. ఆ కాగితం ఎక్కడిదాకా వెళుతుందోనని మా ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. అది ఎక్కడికీ వెళ్ళలేదు, తరవాత తెలిసింది.

నన్ను ఎక్కువ కుదిపింది వాడి మాట. కారులో వెనక కూర్చుని, "చెప్పకుండా మళ్ళీ సంచీలో పెట్టేసుంటే ఏమీ అయ్యేది కాదు కదా నాన్నా" అన్నాడు. నిజమే, అయ్యేది కాదేమో. చాలాసేపు జవాబు దొరకలేదు. చివరికి, "నువ్వు చెప్పడం తప్పు కాదురా. సంచీ సర్దింది నేను. తప్పు నాది, శిక్ష నీకు పడింది" అన్నాను. ఆ సాయంత్రం వాడికి మా నాన్నగారి చాకు ఎలా పోయిందో మొదటిసారి చెప్పాను. రెండుసార్లూ చాకుది తప్పు కాదు. ఎంపికదీ కాదు. రెండుసార్లూ అది ఎక్కడుందో నాకు తెలియదు, అంతే.

అప్పటి నుంచి మా ఇంట్లో వీధిగుమ్మం పక్కన, చిన్నపిల్లలకి అందని ఎత్తులో, ఒక స్టీలు గిన్నె ఉంటుంది. ఇంట్లోకి రాగానే చాకులు అందులోకి వెళతాయి. బయటికి వెళ్ళేటప్పుడు ఎక్కడికి వెళుతున్నామో ఆలోచించుకుని తీసుకుంటాం, లేదా వదిలేస్తాం. క్యాంపింగ్ సంచీ వేరు, బడి సంచీ వేరు, జిప్పు ఊడినా సరే. అందుకే ఆ పుట్టినరోజు నాడు నన్ను మందలించినావిడకి నేను చెప్పిన జవాబు ఇది: "చాకు కొనేముందు గిన్నె కొనండి."

మా వాడు కిందటేడు కాలేజీకి వెళ్ళాడు. వెళ్ళే ముందు ఏదైనా పనిముట్టు కొనిద్దామని, టింకర్ కావాలా, ఇంకేదైనా కావాలా అని అడిగాను. "హాస్టలు రూల్సు చదివాను నాన్నా. బ్లేడు లేనిది చూడు" అన్నాడు. కత్తెర, ప్లయర్స్, స్క్రూడ్రైవర్ ఉన్నది ఒకటి వెతికి కొన్నాం. మొదటి వారమే ఫోను చేసి, రూమ్మేటు మంచం మేకులు బిగించాననీ, పక్క గదివాళ్ళు కూడా అడిగి పట్టుకెళ్ళారనీ చెప్పాడు.

"మరి తిరిగిచ్చారా?" అన్నాను.

"ఇచ్చారు. టేబులు సొరుగులో ఉంది" అన్నాడు.